కాళ్ళు కడిగిన రోజు ఏం చెప్పావు

వనపర్తి,
3 జులై 2024

నా కొడుకు ప్రదీపుకు,

నీ ఇంట్లోనూ నీ సంఘంలోనూ ప్రభువు నెమ్మది ఉంచాలని కోరుకుంటూ మీ అమ్మ రాస్తున్నది.

సోమవారం మొదటి బస్సుకే గద్వాల నుంచి వచ్చేశాను. హాస్టల్లో రెండు రోజుల పని అలాగే పేరుకుపోయి ఉంది. స్నానాల గదులన్నీ కడిగేసరికి మధ్యాహ్నం దాటింది. వార్డెనమ్మ కోప్పడలేదు, ప్రార్థన మందిరం బాగా కట్టారా అని చేతులతో అడిగింది. రేకులతో కట్టినా పెద్దదే కట్టారని చెప్పాను.

ఆదివారం నువ్వు అంతమంది ముందు నన్ను కుర్చీలో కూర్చోబెట్టి కాళ్ళు కడుగుతావని నాకు ముందు తెలియదు. తెలిస్తే మడమలకు కాస్త నూనె రాసుకొని వచ్చేదాన్ని. బ్లీచింగు నీళ్ళకు పగిలిన కాళ్ళు అవి. నువ్వు ముట్టుకుంటుంటే సిగ్గయింది, సంతోషమూ అయింది. మీ నాయన మాసయ్య బొంబాయి పనికి పోయి అక్కడే పోయినప్పటి నుంచి నా కాళ్ళ వంక చూసినవాళ్ళు లేరు.

నువ్వు మైకు పట్టుకొని చాలాసేపు మాట్లాడావు. టీబీ సూదులకు నా చెవులు పోయి ఆరేళ్ళయింది కదా, నాకు ఒక్క ముక్క తెలియలేదు. జనం ఏడుస్తున్నారు, నేను నవ్వుతూ కూర్చున్నాను. తర్వాత ఒకామె వచ్చి నా రెండు చేతులు పట్టుకొని ఏడ్చింది. పేరు రేణుకమ్మ అని, భర్త పేరు బాలరాజు అని కాగితం మీద రాసి చూపింది. వాళ్ళ బిడ్డ వసంత నాకు అన్నం వడ్డించింది. ఆరో తరగతట. రెండు జడలు. మన అర్చన ఆ వయసులో అట్లాగే ఉండేది. కొందరు ఆడవాళ్ళు మాత్రం నా పక్క బంతిలో కూర్చోకుండా లేచిపోయారు. ఎందుకో తెలియలేదు.

ఏం చెప్పావు నాయనా? తీరికున్నప్పుడు రాసి పంపు, చదువుకుంటాను.

మీ అమ్మ,
ఎస్తేరమ్మ

గద్వాల,
12 జులై 2024

అమ్మకు,

ప్రేమతో వందనాలు. నీ ఉత్తరం అందింది. నీకు ఫోన్లో చెప్పే వీలు లేదు గనుక ఎంత పని ఉన్నా కూర్చొని రాస్తున్నాను.

ఆ రోజు తగ్గింపు జీవితం గురించి చెప్పాను. మనిషి తనను తాను తగ్గించుకుంటేనే దేవుడు వాడుకుంటాడని చెప్పాను. నీ గురించి కూడా చెప్పాను, అందుకే అందరూ కన్నీళ్ళు పెట్టుకున్నారు. ఎవరో లేచిపోయారని పట్టించుకోకు. ఆ వీడియో ఇప్పటికి నలభై వేల మంది చూశారు. కొల్లాపూర్ నుంచి, కల్వకుర్తి నుంచి, రాయచూరు వైపు నుంచి ప్రార్థన కూటాలకు రమ్మని పిలుస్తున్నారు. ప్రతిచోటా ఆ సాక్ష్యమే చెప్పమని అడుగుతున్నారు.

ఒక మాట అమ్మా. నువ్వు ఆ పని మానెయ్యి. పాస్టరు తల్లి బాత్రూములు కడుగుతుందని ఎవరో అన్నారట, సంఘ పెద్దలు నన్ను పక్కకు పిలిచి అడిగారు. మందిరం పక్కన రెండు గదులు వేస్తున్నాం, అవి పూర్తి కాగానే నిన్ను తీసుకొస్తాను. అంతవరకూ ఎవరైనా అడిగితే హాస్టల్లో వంట చూసుకుంటున్నానని చెప్పు.

ప్రభువు సేవలో,
నీ కొడుకు ప్రదీప్

వనపర్తి,
22 జులై 2024

ప్రదీపు నాయనా,

నువ్వు బాగున్నావని తెలిసి నిమ్మళించాను.

పని మానను. నువ్వు కోప్పడినా సరే. ఇక్కడి పిల్లలు నన్ను పెద్దమ్మా అంటారు. వాళ్ళు స్నానం చేసే చోటు శుభ్రంగా ఉంచడంలో నాకేమీ తక్కువ కనబడదు. వంట చేస్తానని చెప్పమన్నావు, నాకు వంట రాదని ఈ హాస్టల్లో అందరికీ తెలుసు.

డిగ్రీ చదివే మానస అనే పిల్ల ఉంది. పాలెం వైపు పిల్ల. ఆమెను నీ వీడియో చూపించమన్నాను. మొదట ఉషారుగా పెట్టింది. నా పక్కన కూర్చొని చూస్తూ చూస్తూ ఉంటే ఆమె ముఖం మారిపోయింది. అయిపోయాక ఫోన్లో పెద్ద అక్షరాలతో రాసి చూపింది: “మంచిగనే చెప్పిండు పెద్దమ్మా.” అంత మంచిగా చెబితే ఆ పిల్ల నా ముఖం ఎందుకు చూడదు? మొత్తం రాసిమ్మంటే పరీక్షలున్నాయని తప్పించుకుంది.

పరాయి పిల్లను ఇబ్బంది పెట్టడం నాకు ఇష్టం లేదు. నువ్వే రాసి పంపు.

అమ్మ

గద్వాల,
6 ఆగస్టు 2024

అమ్మా,

నిన్ను ఎవరో ఎగదోస్తున్నారని నాకు అర్థమైంది. వేరే సంఘం వాళ్ళు నా ఎదుగుదల చూసి ఓర్వలేక ఇట్లాంటివి చేస్తుంటారు. నిన్ను నా దగ్గర పెట్టుకోలేదని నీ మనసులో ఉంటే అది నేరుగా అడుగు. గదులకు పైకప్పు పడలేదు, ఏం చెయ్యను?

ఉపన్యాసాలు రాసి పంపేంత తీరిక నాకు లేదు. నా కోసం ప్రార్థన చెయ్యి, అది చాలు.

ప్రదీప్

వనపర్తి,
19 ఆగస్టు 2024

నాయనా,

నన్ను ఎవరూ ఎగదోయలేదు. నీ గదులు నాకు వద్దు.

మానస రాసిచ్చింది. నేను రెండు రోజులు ఆమె మంచం దగ్గరే కూర్చుంటే రాసిచ్చింది. రాస్తూ మధ్యలో లేచి బయటికి పోయి మళ్ళీ వచ్చింది. నా కుడికాలు చేతిలో పట్టుకొని నువ్వు చెప్పిన మాటలు ఇవి.

“ఈ పాదాలు గర్వంగా నడిచిన పాదాలు. నా చెల్లెకు జ్వరమొస్తే మూడు దినాలు మోకాళ్ళ మీద ప్రార్థన చేసినం. జ్వరం దిగుతుండె. నాలుగో దినం ఈ తల్లి దేవుని ముందర తగ్గలేకపోయింది. నా మాట వినలే. బిడ్డను ఆటోల ఏసుకొని దవాఖానకు ఉరికింది. దారిలనే దేవుడు బిడ్డను తీసుకున్నడు. అయినా నేను ఈ తల్లిని క్షమించిన. ఈ పొద్దు ఆ పాదాలే కడుగుతున్న.”

క్షమించానని నువ్వు చెప్పే చోట నేను నవ్వుతూ నీ తల నిమిరాను. వీడియోలో కనబడుతోంది.

నీకు జ్ఞాపకం లేదేమో, లేక ఉంచుకోలేదేమో. నాకు ఉంది. అప్పటికి నా చెవులు బాగానే ఉన్నాయి. రెండో రోజు సాయంత్రం ఊరి నర్సు సత్యమ్మ వచ్చి అర్చన చేతి మీద ఎర్రటి చుక్కలు చూసింది. “ఎస్తేరమ్మా, గిట్ల ఇంట్ల పెట్టుకోని కూసుంటే పిల్ల దక్కదు. రక్తంల కణాలు పడిపోతున్నట్టున్నయ్. జల్ది నాగర్‌కర్నూల్ తీస్కపో” అన్నది. ఆమే ఆటో పిలిచింది. పిల్లను ఒడిలో వేసుకొని ఎక్కి కూర్చున్నాను. నువ్వు వచ్చి ఆటోకు అడ్డం నిలబడ్డావు. నీకు పందొమ్మిదేళ్ళు, వాక్యం చెప్పే చదువు చదివి అప్పుడే వచ్చావు. “దిగు అమ్మా. జర తగ్గించుకో. దేవునికంటె డాక్టరు ఎక్కువనా నీకు? నువ్వే నమ్మకపోతే ఊర్ల నా మాట ఎవడు నమ్ముతడు?” అన్నావు. నేను దిగాను. అర్చన నన్నే ఊరడించింది. “అన్న ప్రార్థన చేస్తే తక్కువైతదిలే అమ్మా” అన్నది.

ముక్కులోంచి రక్తం పడ్డాక, నాలుగో రోజు, నువ్వు వద్దంటున్నా మళ్ళీ ఆటో ఎక్కాను. అప్పటికి ఏమీ మిగల్లేదు.

బల్మూర్‌లో, మన ఊళ్ళో అందరికీ ఏం చెప్పానో నీకు తెలుసు. మామూలు జ్వరమనుకొని నేనే ఆలస్యం చేశానని చెప్పాను. నీ పేరు రానివ్వలేదు. ఆ వయసులో నువ్వు ఆ బరువు మొయ్యలేవనుకున్నాను. ఊరు నన్ను తిడుతుంటే తల వంచుకొని నిలబడి, ఇదే కదా ప్రభువు చెప్పిన తగ్గింపు అనుకున్నాను. అది తగ్గింపు కాదు ప్రదీపూ. అబద్ధం. నేను తప్పు నా మీద వేసుకొని నీకు చోటు ఖాళీ చేశాను. ఆ చోట్లో నువ్వు నీకు కావలసింది కట్టుకున్నావు.

వీడియో తీసెయ్యి. నా పరువు కోసం అడగడం లేదు, నాకెంత పరువు ఉందో నీకు తెలుసు. ఆ మాట విని ఏ తల్లయినా జ్వరమొచ్చిన బిడ్డను ఇంట్లో పెట్టుకుంటే ఏమవుతుందో ఆలోచించు.

నిన్ను కన్నదాన్ని,
ఎస్తేరమ్మ

గద్వాల,
9 సెప్టెంబరు 2024

అమ్మా,

నీ ఉత్తరం చదివి నాకు దుఃఖం కలిగింది. తొమ్మిదేళ్ళ కింద నీ తప్పే అని ఊరందరి ముందు ఒప్పుకున్నది నువ్వు. ఇప్పుడు మాట మారుస్తున్నావు. నీ పేరు నలుగురిలోకి వచ్చేసరికి నీకు కష్టమైంది. దీన్నే గర్వం అంటారు. మనసు గట్టిపడనివ్వకు. నేను నిన్ను క్షమించాను, ఆ మాట మీదే ఉన్నాను. నువ్వు కూడా తగ్గించుకో.

ఆ వీడియో వల్ల ఎంతమంది విశ్వాసంలో బలపడుతున్నారో నీకు తెలియదు. నీకు అన్నం వడ్డించిన వసంతకు శనివారం నుంచి విపరీతమైన జ్వరం. ఊళ్ళో విత్తనాల కోసం వేసే సీడు పత్తి చేలల్లో పనిచేసేవాళ్ళు చాలామందికి వచ్చింది. బాలరాజు అన్న దవాఖానకు పోదామంటే రేణుకమ్మే ఆపింది. “పాస్టరు తల్లి చేసిన తప్పు నేను చెయ్య” అన్నది. అంత విశ్వాసం నేనెక్కడా చూడలేదు. పిల్ల తల మీద చేతులుంచి ప్రార్థన చేశాను. తప్పకుండా లేస్తుంది.

రేపటి నుంచి అయిదు రోజులు రాయచూరు వైపు కూటాలు. వచ్చాక రాస్తాను.

ప్రదీప్

వనపర్తి,
18 సెప్టెంబరు 2024

ప్రదీపుకు,

నీ ఉత్తరం గురువారం పొద్దున నా చేతికి వచ్చింది. వసంత పేరు చదవగానే మానసతో నీకు ఫోన్ చేయించాను. ఎవరిదో నంబరని నువ్వు ఎత్తలేదు. చీపురు అక్కడే పడేసి బస్టాండుకు పోయాను. మానస కాలేజీ మానుకొని నా వెంట వచ్చింది.

రేణుకమ్మ నన్ను గడప లోపలికి రానివ్వలేదు. చేతులు అడ్డం పెట్టి ఏదో అరిచింది. మానస తర్వాత రాసి చూపింది: “బిడ్డను చంపుకున్నదానివి, నా బిడ్డ కాడికి రాకు.” నాకు కోపం రాలేదు. ఆ మాట ఆమెది కాదు, నేర్పింది నువ్వు. నేను వాకిట్లో కూర్చొని మొత్తం చెప్పాను. సత్యమ్మ ఏమన్నదో, నువ్వు ఆటో ముందు ఏమన్నావో, నేను ఎట్లా దిగానో, ఊరికి ఏం చెప్పానో. నా గొంతు ఎంత పెద్దగా వస్తుందో నాకు తెలియదు. వీధంతా వచ్చి నిలబడింది.

బాలరాజు నీకు ఫోన్ చేశాడు. నువ్వు ఎత్తావు. ఆయన ముఖమే చూస్తున్నాను. ఇంకొక్క రోజు ఆగమన్నావట. ఆయన ఫోన్ జేబులో పెట్టుకొని లోపలికి పోయి పిల్లను భుజాన వేసుకొని వచ్చాడు. వసంత కాళ్ళు చల్లగా ఉన్నాయి, నేను పట్టుకొని చూశాను. గద్వాల దవాఖానలో చూసి వెంటనే కర్నూలుకు పంపించారు. అక్కడ శనివారం దాకా ఉంది. రక్తం ఎక్కించారు, చెయ్యగలిగింది చేశారు. డాక్టరమ్మ చిన్నపిల్ల, రెండు రోజులు నిద్రపోలేదు. రెండు రోజుల ముందు తెస్తే బతికేదని రాసి చూపించి ఆమే ఏడ్చింది.

మట్టి చేసేదాకా ఉన్నాను. వాళ్ళు నన్ను ఉండమనలేదు, పొమ్మనలేదు. నువ్వు ఆదివారం సాయంత్రం వస్తున్నావని తెలిసి మధ్యాహ్నమే బస్సెక్కాను. నీ ముఖం చూస్తే నేను మళ్ళీ నీ తప్పు నా మీద వేసుకుంటానేమోనని భయమేసింది.

ఇంకేమీ రాయలేను.

ఎస్తేరమ్మ

గద్వాల,
7 అక్టోబరు 2024

అమ్మా,

ఎట్లా మొదలుపెట్టాలో తెలియక రెండు వారాలు గడిచాయి.

వచ్చిన రోజు బాలరాజు అన్న ఇంటికి పోయాను. ఆయన తలుపు తీసి నన్ను చూసి మళ్ళీ వేసుకున్నాడు. కొట్టి ఉంటే బాగుండేది. మందిరంలో పడుకొని నీ ఆగస్టు ఉత్తరం మళ్ళీ చదివాను. నిజం చెప్పాలంటే అప్పుడు సగమే చదివి పెట్టేశాను. నేను ఆటోకు అడ్డం నిలబడ్డానన్న చోట ఆపేశాను.

నాకు జ్ఞాపకం ఉందమ్మా. ఎప్పుడూ ఉంది. నువ్వు ఊరందరికీ నీ తప్పే అని చెప్పినప్పుడు నేను గోడ పక్కనే నిలబడి విన్నాను. నిజం చెప్పడానికి నోరు తెరిచాను, రాలేదు. మొదటిసారి సాక్ష్యం చెప్పినప్పుడు నీ మీద కొంచెమే పెట్టాను. జనం ఏడ్చారు. తర్వాతి ఊళ్ళో ఇంకొంచెం పెట్టాను. చెప్పగా చెప్పగా నాకే నిజమనిపించింది. నువ్వు వినలేవని తెలిసే నీ కాళ్ళు కడుగుతూ ఆ మాట చెప్పాను. ఇది రాయడం తప్ప నీకు ముఖాముఖి చెప్పే ధైర్యం నాకు లేదు.

29వ తేదీ ఆదివారం సంఘంలో అంతా చెప్పాను. వీడియో తీసేశాను. సగం మంది మధ్యలోనే లేచిపోయారు. పెద్దలు మందిరానికి తాళం వేశారు. బాలరాజు అన్న పోలీస్ స్టేషన్‌లో కాగితం ఇచ్చాడు. పిలిచినప్పుడల్లా పోయి అడిగినదంతా చెబుతున్నాను.

ఒకటి అనుకుంటున్నాను. రేణుకమ్మను వీధిలో అందరి ముందు కూర్చోబెట్టి ఆమె కాళ్ళు కడిగి క్షమాపణ అడుగుతాను. ఏమంటావు?

ప్రదీప్

వనపర్తి,
14 అక్టోబరు 2024

నాయనా,

వద్దు.

బిడ్డ పోయిన తల్లిని పదిమందిలో కుర్చీ వేసి కూర్చోబెట్టాలని నీకు ఎట్లా తోచింది? అప్పుడు కూడా జనం చూసేది నిన్నే. ఆమె కాళ్ళు ఆమెవి.

ఒంటరిగా పో. గడప బయటే నిలబడు. ఏం చెయ్యమంటారో అడుగు. చెప్పింది చెయ్యి. రావద్దంటే పోవద్దు. ఏమీ చెప్పకపోతే, ఏమీ చెప్పలేదని తెలుసుకొని తిరిగిరా.

నువ్వు నన్ను క్షమించమని ఉత్తరంలో ఎక్కడా అడగలేదు. అడగనందుకు మంచిదే అయింది. ఇప్పుడు అడిగితే నేను తల్లిని కాబట్టి వెంటనే సరే అనేస్తాను. కొంతకాలం పోనీ.

అన్నం మానకు.

అమ్మ

గద్వాల,
20 నవంబరు 2024

అమ్మా,

మూడుసార్లు పోయాక రేణుకమ్మ బయటికి వచ్చింది. మనిషి సగమైంది. ఆమె అన్న మాటలు ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాను. “మా కాళ్ళు ముట్టకు. నీ ప్రార్థన మా ఇంటికి వద్దు. ఆ మాట ఎన్ని ఊర్లల్ల చెప్పినవో గన్ని ఊర్లకు పోయి అబద్ధమని చెప్పు. బిడ్డలకు జరమొస్తే దవాఖానకు తీస్కపొమ్మని చెప్పు. ఏడ్వకుండ చెప్పు. నువ్వు ఏడిస్తే వాళ్ళు నిన్నే చూస్తరు, నా బిడ్డను మరుస్తరు.”

ఆ అబద్ధం పదకొండు చోట్ల చెప్పాను. వారమంతా పత్తి ఏరే కూలికి పోవడం, ఆదివారం ఒక ఊరికి పోవడం. ఇప్పటికి నాలుగు అయినాయి. కొల్లాపూర్ దగ్గర ఒకాయన నా మాట పూర్తి కాకముందే గల్లా పట్టి బయటికి నెట్టాడు. ఆయన మనవరాలిని కూడా నా మాట విని ఇంట్లోనే ఉంచారట. పిల్ల బతికింది గానీ ఒక పక్క చెయ్యి పనిచెయ్యడం లేదు. ఆ సంగతి నాకు అప్పటిదాకా తెలియదు.

కల్వకుర్తిలో అంతకంటే ఘోరం జరిగింది. ఏడవకుండా చెప్పాను, రేణుకమ్మ చెప్పినట్టే. చెప్పడం అయిపోగానే జనం చప్పట్లు కొట్టారు. అక్కడి పాస్టరు గారు మైకు తీసుకొని, ఇంత తగ్గింపు ఉన్న సేవకుణ్ణి తన జీవితంలో చూడలేదన్నాడు. వచ్చే నెల పెద్ద కూటాలకు నన్ను పిలుస్తానన్నాడు. పోనని చెప్పి వచ్చేశాను. కానీ అమ్మా, ఆ చప్పట్లు కొడుతున్నంతసేపు నాకు బాగుంది. వసంత పోయి రెండు నెలలే అయింది, నాకు బాగుంది. బస్సులో వస్తూ నా మీద నాకే అసహ్యమేసింది. ఇది నాలోంచి ఎప్పటికి పోతుంది?

మిగిలిన ఏడు ఊళ్ళ పేర్లు విడిగా ఒక కాగితం మీద రాసి పెట్టాను. నువ్వు ప్రార్థన చేసేటప్పుడు ఆ పేర్లు తలుచుకో.

ప్రదీప్

వనపర్తి,
29 నవంబరు 2024

నా ప్రదీపుకు,

ఎప్పటికి పోతుందో నాకు తెలియదు. నాకు కూడా పూర్తిగా పోలేదు. ఊరు తిడుతుంటే తల వంచుకొని నిలబడిన రోజుల్లో నాకు లోపల ఒక తృప్తి ఉండేది. నా అంత ఓర్చుకునే తల్లి ఇంకొకతె లేదనుకునేదాన్ని. ఎవరూ చప్పట్లు కొట్టలేదు, నాకు నేనే కొట్టుకున్నాను. నీకు ఆ రుచి ఎక్కడి నుంచి వచ్చిందో అప్పుడప్పుడు ఆలోచిస్తాను. నువ్వు మాత్రం మిగిలిన ఊళ్ళకు పో. వాళ్ళు మెచ్చుకున్నా, తిట్టినా, మీ పిల్లలకు జ్వరమొస్తే దవాఖానకు పోండి అన్న మాట చేరిందా లేదా అన్నదొక్కటే చూసుకో.

నువ్వు రాసిన ఊళ్ళ పేర్లు చదివాను. అందులో మన ఊరు లేదు. అక్కడ నువ్వు సాక్ష్యం చెప్పలేదు, నిజమే. చెప్పింది నేను. పోయిన వారం మన ఊరి మనిషి ఒకామె బస్టాండులో కనబడింది. సత్యమ్మ సంగతి అడిగి కాగితం మీద రాయించుకున్నాను. తొమ్మిదేళ్ళుగా ఊరు ఆమెను కూడా అంటున్నదట. నర్సమ్మ అయివుండి పిల్ల జ్వరం కనిపెట్టలేదు, సమయానికి చెప్పలేదు అని. జ్వరమొస్తే ఆమెను ఇంటికి పిలవడమే మానేశారట. ఆమె చెప్పింది, ఆటో కూడా పిలిచింది. నిన్ను దాచడానికి నేను ఆమెను ఊరి ముందు పడేశాను. ఇన్నేళ్ళు నాకు ఆ ఆలోచనే రాలేదు.

డిసెంబరు 8, ఆదివారం ఊరికి పోతున్నాను. మొదట సత్యమ్మ ఇంటికి, తర్వాత ప్రార్థనకు. వార్డెనమ్మకు సెలవు చెప్పాను. నిన్ను రమ్మని అడగడం లేదు. రావాలనిపిస్తే పొద్దున ఎనిమిదింటికి నాగర్‌కర్నూల్ బస్టాండుకు రా, అచ్చంపేట బస్సు ఆగే చోట ఉంటాను.

వస్తే వెనక కూర్చో. అడిగేదాకా మాట్లాడకు. ఆ ఊళ్ళో అబద్ధం నాది, నేనే చెప్పుకుంటాను.

మీ అమ్మ,
ఎస్తేరమ్మ